రెండు లెక్కలూ ఒకచోటే ఇరుక్కుంటాయి

తీరం నుంచి సముద్ర ప్రవాహాల వేగం కొలిచే రాడార్ల మీద మీరు రాసిన వ్యాసం చివర్లో, ఆ లెక్కలకీ రోబో చెయ్యి లెక్కలకీ పోలికే లేదన్నారు. అది నేను ఒప్పుకోలేను. మాది మచిలీపట్నం, పని చెన్నై అంబత్తూరులో, వెల్డింగ్ రోబోల మీద. కల్పాక్కం, యానాంలో లాగే మా ఊరి తీరంలోనూ ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ల రాడార్ ఉంది, అందుకే ఇంత ఆసక్తి.

రాడార్ పంపే రేడియో తరంగం 5 మెగాహెర్ట్జ్ అనుకుంటే, దాని పొడవు 60 మీటర్లు. అందులో సగం, అంటే 30 మీటర్ల పొడవున్న సముద్రపు అలల నుంచే గట్టి ప్రతిధ్వని వస్తుంది. లోతైన నీటిలో ప్రవాహం లేకపోతే ఆ అల వేగం సెకనుకు సుమారు 6.8 మీటర్లు. డాప్లర్ కొలతలో (ప్రతిధ్వని పౌనఃపున్యం మారిన తీరును బట్టి వేగం లెక్కగట్టడంలో) ఆ వేగానికి ఎంత తేడా వస్తే అంత ప్రవాహం ఉన్నట్టు. కానీ ఒక రాడార్‌కి తెలిసేది తన చూపు దిశలోని వేగమే. అందుకే రెండోది కావాలి. ఆ రెండింటినీ కలిపే గీత దగ్గర ఇద్దరి చూపూ ఒకటే అయిపోతుంది, దాంతో చిన్న కొలత తప్పు కూడా అడ్డ దిశలో కొండంత అవుతుంది.

రోబో మోచెయ్యి నిటారుగా చాపి, కొనను కాస్త లోపలికి లాగమంటే, కీళ్లు అందుకోలేనంత వేగం అడుగుతుంది లెక్క. మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా టెన్షన్ వచ్చింది. రెండు చోట్లా చిక్కు మాత్రికను (లెక్కలోని సంఖ్యల పట్టికను) తిరగెయ్యడంలోనే, అంటే తెలిసిన వేగాల నుంచి వెనక్కి తెలియని వేగాలను రాబట్టడంలోనే. కనిష్ఠ వర్గాల పద్ధతికి (తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువయ్యే జవాబు వెతికే పద్ధతికి) కొంచెం డ్యాంపింగ్, అంటే జవాబు మరీ పెద్దది కాకుండా పట్టి ఉంచే చిన్న పదం, కలిపితే రెండూ అదుపులోకి వస్తాయి. తర్వాతి భాగంలో దీని గురించి రాయండి సార్.