కలుపు మీదికి కరెంటు

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో సోయా రైతులను కొన్నేళ్లుగా ఒక మొక్క ముప్పుతిప్పలు పెడుతోంది. వాటర్‌హెంప్ దాని పేరు. మనం పప్పులో వేసుకునే తోటకూరకు దగ్గర చుట్టం. ఒక్కో ఆడ మొక్క లక్షల్లో గింజలు రాలుస్తుంది. ఆరు రకాల కలుపు మందులకు లొంగని వాటర్‌హెంప్‌ను అక్కడి శాస్త్రవేత్తలు ఆ రాష్ట్రంలోనే గుర్తించారు. మందు పనిచేయని చేలల్లో ఇప్పుడు కొందరు రైతులు ట్రాక్టరు వెనక జనరేటర్, ముందు అడ్డంగా ఒక రాగి కడ్డీ బిగించుకుని వెళ్తున్నారు. పైరును మించి ఎదిగిన కలుపు ఆ కడ్డీకి తగలగానే సుమారు 15 వేల వోల్టుల కరెంటు కాండంలోంచి వేర్లకు, వేర్ల నుంచి నేలకు దిగుతుంది. మొక్కలోని నీరు ఒక్కసారిగా వేడెక్కి కణాలు పగిలిపోతాయి. ఆ తర్వాత మొక్క వాడి, ఎండిపోతుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. కరెంటుతో మొక్కలను చంపే యంత్రాలకు అమెరికాలో 1890ల్లోనే పేటెంట్లు ఇచ్చారు. రైలు పట్టాల వెంట పెరిగే పిచ్చిమొక్కలను వదిలించుకోవాలన్నది అప్పటి అవసరం. 1970ల చివర, 80ల మొదట్లో లాస్కో అనే కంపెనీ యంత్రాలు షుగర్‌బీట్ పొలాల్లో కొంతకాలం తిరిగాయి కూడా. వాటిని మూలన పడేసింది చవగ్గా దొరికిన మందు. గ్లైఫోసేట్ అనే ఆ కలుపు మందు 1974లో మార్కెట్‌కు వచ్చింది. దాన్ని తట్టుకునే జన్యుమార్పిడి సోయా 1996లో వచ్చింది. పిచికారీ చేస్తే పైరు మిగిలి కలుపు పోతుంటే జనరేటర్ మోసుకుని తిరిగేదెవరు? అయితే అదే 1996లో గ్లైఫోసేట్‌కు లొంగని గడ్డి ఆస్ట్రేలియాలో బయటపడింది. అమెరికా సోయా, పత్తి పొలాల వంతు తర్వాత వచ్చింది.

ఐరోపాలో దారి వేరు. అక్కడ మందు పనిచేయక కాదు, మందుకు అనుమతి పోయి కరెంటు వైపు చూస్తున్నారు. బంగాళాదుంప తవ్వేముందు తీగను ఎండబెట్టడానికి వాడే డైక్వాట్‌కు ఐరోపా యూనియన్ 2018లో అనుమతి పొడిగించలేదు. ఆ ఖాళీలోకి జర్మనీ కంపెనీ క్రాప్.జోన్ విద్యుత్ యంత్రాలతో వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన జాసో, బ్రిటన్‌కు చెందిన రూట్‌వేవ్ కూడా ఇదే రంగంలో ఉన్నాయి. రూట్‌వేవ్ దృష్టి ముఖ్యంగా ద్రాక్ష, పండ్ల తోటల మీద ఉంది.

ఇంత దూరం నుంచి ఈ కబురు మోసుకురావడానికి కారణం ఉంది. గ్లైఫోసేట్ మీద తెలుగు రాష్ట్రాలు రెండూ 2018లోనే ఆంక్షలు పెట్టాయి. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ దాన్ని వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. కాగితం మీద అంత గట్టి కట్టడి ఉన్నా, గడ్డి మందును తట్టుకునే అనుమతిలేని పత్తి విత్తనం ఏటా ఊళ్లలోకి వస్తూనే ఉంది. వ్యవసాయ శాఖ దాడులు చేస్తుంది, ప్యాకెట్లు పట్టుకుంటుంది, మరుసటి సీజన్‌కు కథ మళ్లీ మొదలు. ఇందులో రైతును మాత్రమే దోషిగా నిలబెట్టడం సులువు. జూన్, జులైలో రెండు మంచి వానలు పడితే ఊళ్లో అన్ని చేలూ ఒకేసారి కలుపెక్కుతాయి. కూలీలు అందరికీ ఒకే వారంలో కావాలి. గుంటక తోలడానికి ఎద్దులు ఎన్ని ఇళ్లలో మిగిలాయి? ముసురు పట్టి పది రోజులు చేలో కాలు పెట్టలేకపోతే పత్తి మొక్క గడ్డిలో కనిపించకుండా పోతుంది. ఆ టెన్షన్‌లో ఉన్న రైతుకు దుకాణంలో దొరికే డబ్బా ఒక్కటే దారిగా కనిపిస్తుంది.

ఆ డబ్బాల్లో పారాక్వాట్ కూడా ఉంది. కొద్దిగా మింగినా ప్రాణం తీస్తుంది, విరుగుడు లేదు. ఐరోపా యూనియన్ 2007 నుంచి దాన్ని వాడనివ్వడం లేదు. క్షణికావేశంలో గడ్డి మందు తాగి, రోజుల తరబడి ఊపిరి అందక నరకం చూసి పోయిన వారి వార్తలు మా జిల్లా పేజీలకు కొత్త కాదు. మందు బదులు మరో సాధనం వెతకడానికి ఈ ఒక్క కారణం చాలదా? డబ్బు లెక్క కావాలంటే అదీ ఉంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలకాలయం శాస్త్రవేత్తలు 18 రాష్ట్రాల పొలాల్లోని ప్రయోగాల ఆధారంగా 2018లో ఒక అంచనా ప్రచురించారు. పది ప్రధాన పంటల్లోనే కలుపు వల్ల దేశం ఏటా దాదాపు 1,100 కోట్ల డాలర్లు నష్టపోతోందని అందులో తేలింది.

కాబట్టి విద్యుత్ కలుపు యంత్రాన్ని మన నేలల్లో పరీక్షించి చూడాల్సిందేనని మేము అంటున్నాం. పరీక్షించాలి అంటున్నామే తప్ప, రేపే టెండర్లు పిలిచి సబ్సిడీ ప్రకటించమని కాదు. ఈ రెంటికీ మధ్య దూరం చాలా ఉంది.

మొదటి చిక్కు మన వానాకాలమే. నేల పొడిగా ఉన్నప్పుడు కరెంటు వేరు వెంట లోతుకు దిగుతుంది. తడి నేలలో వేరు పైభాగం నుంచే మట్టిలోకి జారిపోతుంది, దాంతో వేరు పూర్తిగా చావదు. మనకు కలుపు విజృంభించేది సరిగ్గా నేల తడిగా ఉన్నప్పుడు. పైగా పదునెక్కువైన నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడుతుంది. నీళ్లు నిలిచిన వరి మడికి ఈ యంత్రం పనికిరాదు, ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఒంటి వేరుతో నిటారుగా పెరిగే మొక్కలు తేలిగ్గా లొంగుతాయి గానీ, గడ్డి జాతి కలుపు మొండిది. గరిక, తుంగలకైతే ఒక్క దెబ్బ చాలదు. పైన ఆకు మాడినా కింద తుంగ గడ్డ బతికే ఉంటుంది, రెండు వారాల్లో మళ్లీ మొలక వేస్తుంది. పైరు కంటే పొట్టిగా ఉన్న కలుపు అసలు కడ్డీకే తగలదు. పైరు తగిలితే పైరుకూ దెబ్బే.

మరి ఎక్కడ పనికొస్తుంది? మా అంచనాలో ముందు తోటలు. నల్లగొండ, అనంతపురం బత్తాయి, చిత్తూరు మామిడి, ఖమ్మం, గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్. వరసల మధ్య ట్రాక్టరు తిరగడానికి చోటుంటుంది, చెట్టు కాండం దూరంగా ఉంటుంది, ఎండాకాలంలో నేల ఆరి ఉంటుంది. డ్రిప్ పైపులు వేసిన చోట ఏం జరుగుతుందో మాత్రం ముందే చూసుకోవాలి. తర్వాత వేరుశనగ. చేనంతా నేలబారుగా ఉంటే తోటకూర జాతి కలుపు తలెత్తి నిలబడుతుంది కనుక కడ్డీకి అందుతుంది. గట్లు, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామను కూడా ఈ లెక్కలో చేర్చాలి. చేత్తో పీకితే చర్మం దద్దుర్లెక్కే మొక్క అది. మిస్సోరి విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో మరో ఉపయోగం కనిపించింది. గింజ పట్టిన కలుపుకు కరెంటు తగిలితే ఆ గింజల మొలక శక్తి 54 నుంచి 80 శాతం దాకా పడిపోయింది. ఈ ఏడు పంటను కాపాడకపోయినా వచ్చే ఏడు కలుపును తగ్గిస్తుందన్నమాట.

కరెంటు అనగానే మన దగ్గర ఉచిత విద్యుత్ గుర్తొస్తుంది. ఈ యంత్రానికి మోటారు లైనుతో సంబంధం లేదు. ట్రాక్టరు తిప్పే జనరేటరే దానికి ఆధారం, అంటే కాలేది డీజిల్. యంత్రం ధర పదుల వేల డాలర్లలో ఉంది. నడక వేగంతో కదులుతుంది. ఎకరాకు ఎంత డీజిల్, ఎంత సమయం, రెండు విడతల కూలీ ఖర్చుతో పోలిస్తే మిగిలేదెంత? ఈ లెక్క అమ్మేవాడి కరపత్రంలో కాదు, మన పొలంలో తేలాలి.

మాకు అన్నిటికన్నా భయం కలిగించేది వేరే ఉంది. అడవి పందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగ తగిలి రైతులు, పశువుల కాపరులు, పక్క చేను వాళ్లు చనిపోవడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలు వార్త అయిపోయింది. నిషేధమని అందరికీ తెలుసు, అయినా ఆగలేదు. ‘కరెంటుతో కలుపు మటాష్’ అని ఫోన్‌లో ఒక వీడియో తిరగడమే ఆలస్యం, స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి ఇనుప కర్రకు చుట్టే వాళ్లు తయారవుతారు. అసలు యంత్రంతోనూ ప్రమాదం తక్కువేమీ కాదు. మన చేలల్లో జనం చెప్పుల్లేకుండా తిరుగుతారు, కలుపు తీసే ఆడవాళ్లు వరసగా పక్కనే ఉంటారు, గొర్రెలు అడ్డం వస్తాయి. ఎండు గడ్డి ఉంటే నిప్పు అంటుకోవచ్చు. డ్రైవరు సీటు దిగగానే కరెంటు ఆగే ఏర్పాటు, ఎన్ని మీటర్ల దూరంలో మనుషులు ఉండకూడదన్న నియమం, నడిపేవారికి శిక్షణ, లైసెన్సు లేకుండా ఒక్క యంత్రం కూడా ఊళ్లోకి రాకూడదు. ఇంట్లో తయారుచేసుకున్న పరికరాల మీద నిషేధం యంత్రానికంటే ముందు రావాలి.

డ్రోన్ల విషయంలో ఈ క్రమం కొంతవరకు పాటించారు. మందు పిచికారీ డ్రోన్లకు కేంద్రం 2021 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకం ఆమోదించింది. కలుపు యంత్రానికి ఈ రెండో భాగం మరింత అవసరం. కలుపు తీత మన పల్లెల్లో ప్రధానంగా ఆడవాళ్ల కూలి. వానాకాలంలో వాళ్ల చేతికి నాలుగు డబ్బులు వచ్చేది దానితోనే. గడ్డి మందు ఆ పనిని ఇప్పటికే సగం మింగింది, ఎవరూ వాళ్లను అడగలేదు. కొత్త యంత్రం ట్రాక్టరున్న ఆసామి చేతిలో పడితే మిగిలిన సగమూ పోతుంది. సంఘాల ఆధ్వర్యంలోని కస్టమ్ హైరింగ్ సెంటర్ల ద్వారా అద్దెకు ఇస్తే కనీసం అద్దె రాబడి అయినా వాళ్ల దగ్గర ఉంటుంది. ఇది పూర్తి పరిష్కారమని మేము అనడం లేదు. అసలు ఏమీ ఆలోచించకపోవడం కంటే నయం.

పరీక్షలకు కొత్త సంస్థ పెట్టనక్కర్లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాది వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, జబల్‌పూర్ సంచాలకాలయం తోడుంటుంది. రెండు మూడు యంత్రాలు తెప్పించి ఎర్ర నేల, నల్ల నేల, వేర్వేరు తేమల్లో నడిపి చూడాలి. తుంగ ఎన్నాళ్లకు తిరిగి లేచింది, వానపాములు ఏమయ్యాయి, ఎకరా ఖర్చు ఎంత తేలింది అన్న ఫలితాలను, విఫలమైన వాటితో సహా, తెలుగులో బయటపెట్టాలి. యాసంగి ముగిశాక, తొలకరి పడేలోపు తోటల్లో నేల ఆరి ఉండే నెలలు దీనికి అనువైనవి. రెండు ప్రభుత్వాలూ ఈ బడ్జెట్‌లోనే అందుకు కొంత కేటాయిస్తే వచ్చే వేసవిలో పని మొదలుపెట్టొచ్చు.