అర పుష్-అప్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అర పుష్-అప్ గారి సముఖానికి,

తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. కసరత్తు మొదలుపెట్టిన ప్రతి ఇంట్లోనూ దర్శనమిస్తూనే ఉన్నారు. మోచేయి వంగీ వంగకముందే "ఒకటి" అని వినిపిస్తుంది. ఛాతీకీ నేలకీ మధ్య దిండు పట్టేంత ఖాళీ ఉండగానే "రెండు". అలా చకచకా ముప్ఫై దాకా వెళ్లి, మనవాడు లేచి చేతులు దులుపుకుంటాడు. ఛాతీ కండకు మాత్రం ఏదో జరిగిందన్న కబురే అందదు.

తమరి సేవలు తక్కువవని ఎవరన్నారు? కాలిస్థెనిక్స్‌లోకి, అంటే ఒంటి బరువుతోనే చేసే కసరత్తులోకి, కొత్తగా దిగేవాళ్లకు ముందు కావలసింది ధైర్యం. అది మీ దగ్గర ధారాళంగా దొరుకుతుంది. జిమ్ అక్కర్లేదు, డంబెల్స్ అక్కర్లేదు, ఒంటి బరువే చాలు అని విని ఉత్సాహంగా నేల మీద వాలిన మనిషికి, ఒంటి బరువు ఎంత బరువో తెలిసొచ్చేది ఆ క్షణంలోనే. మామూలు పుష్-అప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు 64 శాతం. 70 కిలోల మనిషికి అది 45 కిలోల లెక్క. ఎన్నడూ కసరత్తు ఎరగని మనిషికి మొదటి రోజే 45 కిలోల బరువు చేతికిచ్చి పదిసార్లు ఎత్తమంటే, ఇచ్చినవాణ్ణి నాలుగు తిట్టి ఇంటికి పోతాడు. అదే బరువు తన ఒంటి రూపంలో ఎదురైతే మాత్రం తిట్టడు, సిగ్గుపడతాడు. ఆ సిగ్గులోంచే మీరు పుట్టుకొస్తారు.

నిజానికి అతని కష్టం చాలా చిన్నది. బరువు ఎక్కువైంది, అంతే. ఎక్కువైతే తగ్గించుకోవాలి. మీరిచ్చే సలహా వేరు: బరువును అలాగే ఉంచు, దూరాన్ని కోసెయ్. అంకె పెరుగుతుంది, పరువు నిలుస్తుంది, బలం సంగతి తర్వాత చూసుకుందాం!

బరువు తగ్గించుకోవడం ఎంత తేలికో నలుగురికీ తెలిస్తే మీకు పని ఉండదు. అందుకే మీరు ఆ ఊసెత్తరు, నేనెత్తుతాను. చేతులు నేల మీద కాకుండా 30 సెంటీమీటర్ల ఎత్తున ఆనిస్తే ఆ 64 శాతం 55కి దిగుతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తయితే 41కి. చేతులు నేల మీదే ఉంచి మోకాళ్లు ఆనించి చేస్తే 49. బలం పెరిగాక కాళ్లను 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 74కి చేరుతుంది. అంటే మెట్లున్న ప్రతి ఇంట్లోనూ బరువు మార్చుకునే మిషన్ ఒకటి ఊరికే పడి ఉందన్నమాట. దాని మీద చెప్పులు విడుస్తున్నారు.

నాలుగో మెట్టు మీద చేతులు పెట్టి, ఛాతీ మెట్టు అంచుకు తాకేదాకా దిగి, మోచేతులు నిటారయ్యేదాకా లేస్తే ఒకటి. అలా 6 వస్తే 6, 8 వస్తే 8. ఇంకొకటో రెండో చేయగలను అనిపించినప్పుడే ఆపేయాలి, చేతులు వణికి కూలబడేదాకా కాదు. రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ. అలా మూడు సెట్లు. ప్రతి సెట్‌లోనూ 12 శుభ్రంగా వచ్చాయంటే మూడో మెట్టుకు దిగాలి. దిగగానే అంకె మళ్లీ పడిపోతుంది. అక్కడే చాలామందికి మనసు చివుక్కుమంటుంది, మీరు తలుపు చాటు నుంచి చేయి ఊపుతారు. అంకె పడిపోయింది బరువు పెరగబట్టి అని గుర్తున్నవాళ్లు మీ వంక చూడరు.

మెట్లు లేవంటారా? గోడ ఉంది. గోడ మరీ తేలికైపోతే కదలని బల్ల ఉంది. మోకాళ్ల పుష్-అప్‌ను మీ భక్తులు ఎగతాళి చేస్తుంటారని విన్నాను. నా ఓటు మెట్లకే, ఎందుకంటే అక్కడ తల నుంచి మడమ దాకా ఒళ్లంతా ఒక్క కర్రలా బిగించడం కూడా అలవాటవుతుంది. అయినా ఛాతీ నేలకు తాకే మోకాళ్ల పుష్-అప్ మీలాంటి వాళ్లు పదిమందితో సమానం. ఎగతాళి చేసేవాణ్ణి ఒకసారి పక్కనుంచి వీడియో తీసి చూపిస్తే ఆ నవ్వు ఆగుతుంది.

వీడియో అంటే గుర్తొచ్చింది. ఎదురుగా అద్దం ఉన్నంతకాలం మీకు ఢోకా లేదు, ఎదురు నుంచి చూస్తే లోతు తెలియదు. ఫోన్‌ను నేల మీద గోడకు ఆనించి పక్కనుంచి తీసినప్పుడే మీ బండారం బయటపడుతుంది. మొదటి రెండూ ఫర్వాలేదు. మూడోదానికి భుజాలు చెవుల దగ్గరికి చేరతాయి, మోచేతులు రెండు పక్కలకీ బార్లా విచ్చుకుంటాయి. అయిదోదానికి ఛాతీ ఉన్నచోటే ఉంటుంది, తల మాత్రం కోడి గింజలు ఏరుకుంటున్నట్టు ముందుకూ కిందకూ పోతుంది. ఎనిమిదో దగ్గర నడుము జారి పొట్ట నేలకు ఆనుతుంది. ఏదో ఒకటి ఆనిందిగా అని అదీ లెక్కలో వేసేస్తారు! అరచేతులు భుజాల కంటే కొంచెం వెడల్పుగా, ఛాతీకి సూటిగా పెట్టి, మోచేతులను ఒంటికి సుమారు 45 డిగ్రీల్లో వెనక్కి మడిచి, పిరుదులు బిగించి, చూపు నేల మీద కాస్త ముందుకు ఉంచితే చాలు, ఇవన్నీ చాలావరకు సర్దుకుంటాయి. ఛాతీ కింద ఒక తువ్వాలు మడిచి పెట్టుకుంటే ఇంకా మేలు. తాకిందో లేదో తువ్వాలుకు తెలుస్తుంది, దానికి మొహమాటం ఉండదు.

మీ తరఫున వాదించేవాళ్లూ లేకపోలేదు. "సగం రెప్స్, అంటే సగం దూరమే కదిలే కసరత్తులు, కూడా పనిచేస్తాయని పరిశోధనల్లో వచ్చింది కదా" అంటారు. వచ్చింది. అయితే అందులో బాగా పనిచేసింది కండ పూర్తిగా సాగి ఉండే సగం, అంటే పుష్-అప్‌లో నేలకు దగ్గరగా ఉండే కింది సగం. తమరి కాపురం పై సగంలో. కష్టమంతా కింద వదిలేసి, చల్లటి పై అంతస్తులో కూర్చుని, కింద అద్దెకున్నవాళ్ల పేరు చెప్పుకుని బతుకుతున్నారు. పైగా ఏ కోణంలో సాధన చేస్తే ఎక్కువగా ఆ కోణానికి దగ్గర్లోనే బలం వస్తుంది. మీతో ఏడాది గడిపినవాడు ఏడాది తర్వాత కూడా నేల దగ్గర ఇరుక్కుపోవడానికి కారణం అదే.

ఇంతకంటే పెద్ద అభియోగం ఒకటుంది. మొదటి కొన్ని వారాల్లో కనిపించే బలంలో ఎక్కువ భాగం కండ పెరగడం వల్ల వచ్చింది కాదు. ఆ కదలికలో ఏ కండను ఎప్పుడు ఎంత వాడాలో నరాలు నేర్చుకోవడం వల్ల వచ్చింది. సరిగ్గా ఆ వారాల్లోనే మీరు దూరతారు. అప్పుడు ఏది చేస్తే అదే వంటబడుతుంది గనక, మీరు వంటబడతారు. తర్వాత మిమ్మల్ని వదిలించుకోవడం అంటే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడమే.

మీ బెడద ఇళ్లకే పరిమితం కాదు. అమెరికా సైన్యం 1980 నుంచి సైనికులకు రెండు నిమిషాల పుష్-అప్ పరీక్ష పెట్టింది. భుజం నుంచి మోచేయి దాకా ఉన్న భాగం నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగాలన్నది షరతు. అది వచ్చిందో రాలేదో పక్కనున్న పరీక్షకుడు కళ్లప్పగించి చూసి తేల్చాలి. సమాంతరం అన్నాక వాదనలు తప్పవు, వాదనలున్న చోట మీరు తప్పరు. 2022లో అమల్లోకి వచ్చిన కొత్త పరీక్షలో పద్ధతే మారింది. ప్రతిసారీ ఛాతీ నేల మీద ఆనించి, రెండు చేతులూ నేల మీంచి ఎత్తి పక్కలకు చాచి, మళ్లీ తెచ్చి పెట్టుకుని లేవాలి. మార్పుకు వాళ్ల కారణాలు వాళ్లకుండొచ్చు, నాకు కనిపించేది ఒక్కటే. చేతులు గాల్లో ఉండాలంటే ఛాతీ నేల మీదే ఉండి తీరాలి. అంత పెద్ద సైన్యంలో మీకు దాక్కోవడానికి జాగా లేదు. ఇంట్లో నేల మీద మొదటి పుష్-అప్ వచ్చినవాళ్లు ఇదే పద్ధతి పట్టుకుంటే పరీక్షకుడి అవసరమే ఉండదు.

నేల మీద ఒక్కటీ రాదనుకునేవాళ్లకు మరో దారి కూడా ఉంది. లేవడానికి చాలని కండలు, మెల్లగా దిగడానికి చాలతాయి. బరువును దించేటప్పుడు వాటికి ఎక్కువ సత్తువ ఉంటుంది. 5 సెకన్లు పట్టేలా ఛాతీ నేలకు తాకేదాకా దిగి, మోకాళ్లు ఆనించి లేచి, మళ్లీ దిగడం. అలాంటివి నాలుగైదు చేస్తే, మీ పేరు మీద చేసిన యాభై ఎందుకు నొప్పి పుట్టించలేదో బోధపడుతుంది.

తమరి బంధువర్గం గురించి క్లుప్తంగా. సగం పుల్-అప్ అని మీ తమ్ముడొకడు ఉన్నాడు. కాళ్లు ఝాడిస్తూ ఎగిరి, గడ్డాన్ని కడ్డీ వైపు ఒంటెలా సాగదీసి... వద్దులెండి, పోలికలతో పని లేదు, వాడి సంగతి మీకే తెలుసు. మొదట్లో చాలామందికి ఒక్క పుల్-అప్ కూడా రాదు, రానవసరం లేదు. ముందు చేతులు చాచి వేలాడటం, మోచేతులు వంచకుండానే భుజాలు కిందికి లాగడం, స్టూలెక్కి గడ్డం కడ్డీ పైనుంచి మెల్లగా దిగడం, నడుమెత్తు కడ్డీ కింద వెల్లకిలా వేలాడుతూ ఛాతీని కడ్డీకి లాక్కోవడం. మీ చెల్లెలు సగం బస్కీకి మందు ఇంకా తేలిక: వెనక ఒక కుర్చీ వేసుకుని, దాని మీద నిజంగా కూర్చుని, చేతుల సాయం లేకుండా లేవడమే.

"రోజుకు 100, నెల రోజులు" అనే ఛాలెంజ్‌లతో మీకు పాత ఒప్పందం ఉన్నట్టుంది. మొదటి రోజు హుషారుగా గడుస్తుంది. కొత్త కసరత్తు నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది గనక రెండో రోజు చొక్కా తొడుక్కోవడమే వ్యాయామం. మూడో రోజు వంద పూర్తి చేయాలంటే మిమ్మల్ని పిలవక ఏం చేస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్లను కండలకు బలమిచ్చే కసరత్తు వారానికి కనీసం రెండు రోజులు చేయమందే గానీ రోజూ ఒళ్లు హూనం చేసుకోమనలేదు. కొత్తవాళ్లకు మధ్యలో రోజు విడిచి వారానికి మూడు రోజులు బోలెడు. కండలంత త్వరగా వాటిని ఎముకలకు కట్టే స్నాయువులు గట్టిపడవు కాబట్టి, ఒంట్లో ఉత్సాహం ఉంది కదా అని పెంచుకుంటూ పోతే ముందు ఫిర్యాదు చేసేది మణికట్టూ మోచేయీ. కండ నొప్పి సరే, కీలులో చురుక్కుమంటే మాత్రం ఆ రోజుకు ఆపాల్సిందే.

పై కారణాల దృష్ట్యా తమరిని తక్షణం విధుల నుంచి తప్పించడమైనది. నోట్‌బుక్‌లో మీ పేరు మీద జమ అయిన అంకెలన్నీ కొట్టేసి, వాటి స్థానంలో "నాలుగో మెట్టు, 7, 6, 6" అని రాసుకోవడం జరిగింది. వీడ్కోలు సభ ఏదీ లేదు. ఈ నిర్ణయంపై అభ్యంతరాలుంటే ఛాతీ నేలకు ఆనించి, రెండు చేతులూ పైకెత్తి తెలుపగలరు.

ఇట్లు,
తువ్వాలు పక్షం వహించిన ఒక ఛాందసుడు