ఊళ్లె ఎటు దిక్కు?

నల్లగొండ గడియారం సెంటర్ వెనక అద్దె వాటాలో, మొన్న ఆదివారం మధ్యాహ్నం, జీవితంలో మొదటిసారి స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష టీవీ సీరియల్ చూశాను. మూడో సీజన్‌లో ‘లెట్ దట్ బి యువర్ లాస్ట్ బాటిల్‌ఫీల్డ్’ అనే ఎపిసోడ్. అమెరికాలో 1969 జనవరి 10న వచ్చింది. అప్పుడు మనవాళ్ళు తెలంగాణ కోసం రోడ్డెక్కుతున్నారు, చూసే తీరిక ఎక్కడిది!

ఒక్కణ్ణే చూసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కరెంటు బిల్లు వంకతో పై వాటాలోంచి ఓనరు గారు దిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నారు.

చెరాన్ గ్రహం అధికారి బీల్, లోకై అనేవాణ్ణి 50,000 ఏళ్ళుగా తరుముతుంటాడు. ఇద్దరి ముఖాలూ నిలువునా సగం నలుపు, సగం తెలుపు. ఇద్దరికీ తేడా ఏమిటో అంతరిక్ష నౌక కెప్టెన్ కిర్క్‌కు అంతుపట్టదు. నాకు కుడి పక్క నలుపు, వాడికి కుడి పక్క తెలుపు, కనబడటం లేదా అని బీల్ చిరాకుపడతాడు.

ఓనరు గారు నవ్విన నవ్వుకు చాయ్ లుంగీ మీద ఒలికింది. “గీనికే కొట్టుకుంటరా? గింత పిచ్చోళ్ళుంటరా సార్!”

అప్పుడే ఆయన ఫోను మోగింది.

“ఆఁ, పక్క పోర్షన్ ఖాళీనే ఉన్నదమ్మా. రెండు బెడ్రూములు, బోరున్నది. ఇంటిపేరేంది? గట్లనా... ఏ ఊరు? ఊళ్లె ఎటు దిక్కు మీ ఇల్లు?” కాసేపు వినీ, “అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి పోయిండ్రమ్మా.”

చెరాన్ విజ్ఞానం ఎంత వెనకబడిందో నాకప్పుడు తెలిసింది. బీల్‌కు ఎదుటివాడి ముఖం కనబడాలి, గదిలో లైటుండాలి. మనకు ఫోను చాలు, మూడే ప్రశ్నలు. అంతరిక్ష నౌకలెందుకు, దండగ!

ఎటు దిక్కట! ఆమె తాత గాలి బాగుంటుందని పోయి ఊరవతల ఇల్లు కట్టుకున్నాడా? ఆ దిక్కుకు తోసిందెవరు? తోసి, బాయి ముట్టనియ్యక, చాయ్ హోటల్లో గ్లాసు వేరే పెట్టి, ఇప్పుడు ఆ దిక్కు పేరే అడిగి తలుపేస్తారా? అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం 1950 నుంచీ అమల్లో ఉంది. ఈ ఇంటి మెట్లెక్కడానికి దానికి ఇంకెన్నేళ్ళు కావాలి?

రెండేళ్ళ కింద ఆ మూడు ప్రశ్నలకూ నేను టకటకా జవాబులు చెప్పాను. “మనోళ్ళే” అని ఒక నెల అడ్వాన్సు తగ్గించారు కూడా. ఎందుకడుగుతున్నారని నేను అడగలేదు. తాళంచెవి తీసుకున్నాను.

ఓనరు గారు ఫోను జేబులో వేసుకుని మళ్ళీ టీవీ వైపు తిరిగారు. “చివరికేమైంది సార్?”

“ఒకళ్ళనొకళ్ళు చంపుకుని గ్రహమంతా శవాలదిబ్బ అయింది. మిగిలింది వీళ్ళిద్దరే. అయినా కొట్టుకుంటూనే ఉన్నారు.”

ఆయన నిజంగానే బాధపడ్డారు. కాసేపాగి, గొంతు తగ్గించి అడిగారు: “ఇద్దరిల మనోడెవడు సార్, కుడి దిక్కు నలుపోడేనా?”