సవరణ: ఓఏఈ పాసైతే చాలదు

పసిపిల్లలకు చేసే ఓఏఈ (ఓటో అకౌస్టిక్ ఎమిషన్స్) అనే వినికిడి పరీక్ష గురించి మొన్న రాస్తూ, "ఓఏఈ పాసైతే వినికిడికి ఢోకా లేదు" అన్నాను. అది తప్పు, క్షమించండి.

ఈ పరీక్షలో చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి టిక్ టిక్ శబ్దాలు పంపితే, లోపలి చెవిలోని బయటి వరుస రోమకణాలు (శబ్దానికి స్పందించే వెంట్రుకల్లాంటి కణాలు) కదిలి సన్నటి శబ్దాన్ని తిరిగి పంపుతాయి. 1978లో బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ మొదట రికార్డు చేసింది దీన్నే. అంటే ఈ పరీక్ష ఆ కణాల వరకే చెబుతుంది. అక్కడినుంచి మెదడుకు వెళ్లే నరంలో లోపముంటే దొరకదు. పాప పాసవుతుంది, మాట మాత్రం సరిగా అందదు. దానికి చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం స్పందనను చూసే ఏబీఆర్ పరీక్ష కావాలి. ముఖ్యంగా ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఎక్కువ రోజులున్న పిల్లలకు, పుట్టాక కామెర్లు తీవ్రంగా వచ్చినవాళ్లకు అది తప్పక చేయించండి.

ఫెయిలైతే చెవుడే అనుకుని టెన్షన్ పడొద్దని రాసింది మాత్రం సరైనదే. పుట్టిన కొత్తలో చెవిలో తడి, తెల్లటి పొర ఉన్నా అలా వస్తుంది. కానీ మళ్లీ పరీక్ష మానకండి.