‘ఐ కమ్’ అంటే వెళ్తున్నానని

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక పిల్లలు వేసిన స్కిట్ చూసి మీరంతా నవ్వారు. నేనూ నవ్వాను. పంచె కట్టుకుని తాతయ్య వేషం వేసిన కుర్రాడు "మై వైఫ్ కుక్ సాంబార్, ఐ యామ్ నోయింగ్ ఇంగ్లీష్" అన్నాడు. చివర్లో పక్కింటి అమెరికన్‌కు దండం పెట్టి "ఐ కమ్" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. హాలంతా ఘొల్లుమంది. నా పక్క కుర్చీలో మా నాయన మాత్రం నవ్వలేదు.

ఆ "ఐ కమ్" ఆయనదే. తలా ఒక వంటకం తెచ్చుకునే దీపావళి పాట్‌లక్‌ విందులో ఆ కథ చెప్పి నలుగురినీ నవ్వించింది నేనే.

మా నాయన కందుకూరు పక్క పల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జిల్లా ఏదని మాత్రం అడక్కండి. 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, ఆ తర్వాత మళ్ళీ ప్రకాశం. "మాది ఫలానా జిల్లా" అనే మాటకే మా వాళ్ళకు వర్తమానం నిలకడగా ఉండదు. ఇక్కడికొచ్చిన వారంలోనే టమాటా మొక్కల దగ్గర పక్కింటాయనతో స్నేహం కలిసింది. ఒకరోజు ఆయన గుమ్మంలో కబుర్లయ్యాక నాయన "ఐ కమ్" అన్నారు. పాపం, లోపలికి వస్తారేమోనని ఆ పెద్దమనిషి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. ఈయన మళ్ళీ "ఐ కమ్, ఐ కమ్" అని చేతులు జోడించి మా ఇంటి దారి పట్టారు. పక్కింటాయన ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డాడని పాట్‌లక్‌లో చెప్పాను. నిజానికి అర నిమిషం కూడా ఉండదు.

తెలుగులో రోజూ వస్తాను, రేపు వస్తాను, రెంటికీ ఒకటే "వస్తాను". సెలవు తీసుకోవడానికీ అదే. ఇంగ్లీషులో సింపుల్ ప్రెజెంట్ అంటే అలవాట్లకు, సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటి వాటికి. రేపటి మాటకు మామూలుగా "విల్" తగిలించాలి. అలాగని వాళ్ళూ నిక్కచ్చిగా ఏం లేరు. రేపు ఆరింటికి బస్సుందంటే "ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్" అనే అంటారు. టైంటేబుల్లో ఉంటే రేపటికీ సింపుల్ ప్రెజెంటే. మా నాయన రాకపోకలూ టైంటేబుల్ ప్రకారమే నడుస్తాయి, ఆ లెక్కన ఆయనకు సగం మార్కులైనా వెయ్యాలి.

"మై వైఫ్ కుక్" సంగతి ఇంకా వింత. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు అంటూ మనిషిని బట్టి క్రియ చివర మార్చే భాష మనది. ఇంగ్లీషులో హీ, షీ, ఇట్‌లకు ఒక్క "ఎస్" చాలు. ఇన్ని మార్చేవాళ్ళం ఆ ఒక్కటే మరిచిపోతాం. "ఐ యామ్ నోయింగ్" పాపం మాత్రం తెలుగుది కాదు. మనమూ "తెలుసు" అనే అంటాం కదా! కంటిన్యుయస్ టెన్స్‌ను బళ్ళో మరీ ఎక్కువగా బట్టీ పట్టించారని నా అనుమానం.

తప్పు తప్పే, కాదనను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను "ఐ సెండ్ టుమారో" అని మెయిల్ రాస్తే, మేనేజరు పిలిచి పంపావా, పంపుతావా అని అడిగాడు. నాకు చెమటలు పట్టాయి. పిల్లలు తాతల ఇంగ్లీషును దిద్దాల్సిందే. కానీ ఆ రోజే, అదే స్టేజి మీద, అదే కుర్రాడు మైకు పట్టుకుని "మా అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చాడు" అన్నాడు. ఎంత ముద్దుగా ఉందో అని చప్పట్లు కొట్టాం. డెబ్బై ఏళ్ళాయన తప్పు మనకు ముద్దుగా ఎందుకు లేదు? కార్యవర్గం వారికి నా మనవి. సంక్రాంతి స్కిట్‌లో తాతయ్యలనూ స్టేజి ఎక్కించండి. వాళ్ళు పిల్లల తెలుగు దిద్దుతారు, పిల్లలు వాళ్ళ ఇంగ్లీషు దిద్దుతారు. మనం కింద కూర్చుని ఇద్దరికీ చప్పట్లు కొడదాం.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాయన అడిగారు.

"ఏం అబ్బయ్యా, మరి దానికి ఏమనాల?"

"ఐ యామ్ లీవింగ్ అనాలి నాయనా."

"అంటే, పోతున్నాననా?"

"ఆఁ, అంతే."

"ఒకరి గడపలో నిలబడి పోతున్నానంటారంట్రా ఎవరన్నా?" అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.