ఫార్మాట్ కొడదామా, వద్దా?

(అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర సందులో ఒక కంప్యూటర్ రిపేరు షాపు. టేబుల్ మీద ఇంట్లో వాడే డెస్క్‌టాప్: నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. కంప్లయింటు ఒకటే: ఆన్ చేస్తే పది నిమిషాలు దాన్ని ముట్టుకోనియ్యదు. ఫార్మాట్ కొట్టాలనేది, అంటే డిస్కు తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించాలనేది తమ్ముడి పట్టు, వద్దనేది అన్న పట్టు.)

తమ్ముడు: దీంట్లో ఆలోచించేదేముందన్నా? 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఎక్కించి పెట్టిండా. ఫార్మాట్ కొడితే సాయంత్రానికి కొత్తదాని మాదిరి అవుతాది. లైసెన్స్ గొడవ కూడా లేదు. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటాది, నెట్ తగిలిస్తే దానంతటదే యాక్టివేట్ అవుతాది.

అన్న: జబ్బేందో చూడకుండానే ఆపరేషనా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ. కింద ‘అప్ టైమ్’ ఎంతుందో చదువు.

తమ్ముడు: 23 రోజులు! రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తామన్నారే వాళ్లు?

అన్న: చేసే ఉంటారప్పా. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అనేది సగం నిద్రే. మన ప్రోగ్రాములు మూసేస్తాది గానీ, విండోస్ గుండెకాయ కెర్నల్‌ను, పరికరాలను నడిపే డ్రైవర్లను ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీద రాసుకుని, పొద్దున మళ్లీ వాటినే లేపుతాది. డ్రైవర్ యాడన్నా మొండికేసుంటే ఆ మొండితనం కూడా లేస్తాది. రీస్టార్ట్ కొడితేనే మొదట్నుంచి మొదలయ్యేది. చాలామంది షట్‌డౌనే గట్టిదనుకుంటారు, ఇక్కడ తిరకాసు అది.

తమ్ముడు: సరే, రీస్టార్ట్ కొట్టినా. ఎనిమిది నిమిషాలు పట్టింది. ఇంగేం చెప్తావు?

అన్న: స్టార్టప్ ట్యాబ్ తెరువు. ‘ఇంపాక్ట్’ కింద హై అని ఉన్నవి చూడు. మీటింగ్ యాప్, టోరెంట్, గేమ్ లాంచర్, ప్రింటర్ కంపెనీ అంటగట్టినవి రెండు. రైట్ క్లిక్ చేసి డిజేబుల్. ప్రోగ్రాములు పోవు, పిలవకుండా రావు, అంతే. సౌండుదీ, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌దీ మాత్రం ముట్టుకోవద్దు.

తమ్ముడు: టోరెంట్ అన్నావే, నా మాటా అదే. డిఫెండర్‌లో ‘ఎక్స్‌క్లూజన్స్’ చూడన్నా. సి డ్రైవ్ మొత్తం పెట్టిండారు! ఏదో క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే లైసెన్స్ కొనని దొంగ కాపీ ఎక్కిస్తా ఆ పని చేసింటాది. అంటే సి డ్రైవ్‌లో ఏం దూరినా డిఫెండర్ కన్నెత్తి చూడదు. ఇట్లాంటి ఇల్లు ఊడ్చుకుంటా కూర్చుంటే తెల్లారదు. నమ్మకం పోయిన సిస్టమ్‌కు ఫార్మాటే మందు.

అన్న: (కాసేపాగి) ఆ మాట కాదనలేను. అయితే కొట్టే ముందర సి డ్రైవ్‌లో ఏముందో అడిగినావా? ఆ ఇంట్లో పెద్దాయన అను ఫాంట్లతో తెలుగు టైప్ చేస్తాడు. ఫైళ్లు కాపీ చేసుకున్నా, ఆ ఫాంట్లు పోతే తెరిచినప్పుడు తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తాది. అవి అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ కావు గదా. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ సి లోనే ఉంటాయి. లెక్కలు రాసుకునే ట్యాలీ డేటా కూడా ఎక్కువగా ఆడనే. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు సరేసరి. ‘డి డ్రైవ్‌లో ఉండాయిలే సార్’ అని చెప్పి తల పట్టుకునేవాళ్లు మన షాపుకు తక్కువేం రాలేదు.

తమ్ముడు: కాపీ తీసి కొడదాం. ఇంగేం అడ్డం?

అన్న: డిస్కు. టాస్క్ మేనేజర్‌లో ఎవరూ ఏం చేయకుండానే అది 100 శాతం కొట్టుకుంటాంది. డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వెయ్యి.

తమ్ముడు: పసుపు. ‘కాషన్’. 05 దగ్గరా, సీ5 దగ్గరా అంకెలు ఉండాయి.

అన్న: 05 అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్కు మీద డేటా ఉండే చిన్న గళ్లు, సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. ఇట్లాంటి డిస్కు మీద ఫార్మాట్ కొట్టినా, మళ్లీ అదే నడక. డిస్కును సరిచూసే విండోస్ కమాండు చెక్‌డిస్క్‌ను ‘/ఆర్’తో నడపడం ఇంకా తప్పు. మూలుగుతాండే డిస్కు మొత్తాన్ని గెలికి చదివిస్తాది, డేటా తీసేలోపే ప్రాణం పోవచ్చు. ముందు కాపీ, ఆ తర్వాతే ఏదైనా.

తమ్ముడు: అట్లయితే హార్డ్‌డిస్క్ కంటే వేగంగా నడిచే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, పాతదాన్ని ఉన్నదున్నట్టు దాంట్లోకి క్లోన్ చేద్దాం.

అన్న: 500ను 256లోకి నేరుగా పట్టించలేవు, పార్టిషన్లు, అంటే సి, డి లాంటి భాగాలు ముందు కుదించాల. చెడ్డ సెక్టార్ల దగ్గర క్లోనింగ్ ఆగిపోవచ్చు. పైగా నువ్వు చెప్పిన క్రాకు కూడా దాంతో పాటే వస్తాది.

తమ్ముడు: అంటే ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా విండోస్! నేనన్నదే గదన్నా!

అన్న: పాత డిస్కును ఫార్మాట్ చేయకుండా. అదీ తేడా. దాన్ని పక్కన పెట్టి, తర్వాత ఫైళ్లు తీసుకుందాం. ర్యామ్ కూడా ఇంకో 4 జీబీ డీడీఆర్3 వేస్తే బ్రౌజర్ ఊపిరి పీల్చుకుంటాది. సీపీయూ ఫ్యాన్ మీద దుమ్ము ఎట్లుందో చూడు, ఎండాకాలం అదొక్కటే చాలు స్లో అయ్యేదానికి.

తమ్ముడు: మరి విండోస్ 11 వేద్దామా?

అన్న: అది ఎనిమిదో తరం లేదా ఆపై ఇంటెల్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్పు అడుగుతాది. ఇది నాలుగో తరం. అడ్డదారులుండాయి గానీ ఇంట్లో వాడే మిషన్‌కు నేను చెప్పను. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్‌ల పథకంలో ఎన్‌రోల్ చేయొచ్చు. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయి.

తమ్ముడు: ఆ తర్వాత?

అన్న: టైపింగు, యూట్యూబు వరకైతే విండోస్ బదులు లైనక్స్ మింట్ దీని మీద బాగానే నడుస్తాది. కానీ అను, ట్యాలీ విండోస్‌వి. ఆ ఇంట్లో అది కుదిరేది కాదు, పెద్దాయన ఒప్పుకోడు.

తమ్ముడు: సరే, ఎస్‌ఎస్‌డీ బిగిస్తాండా.

అన్న: ఆగు. పాత డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ పీకినాకనే పెన్‌డ్రైవ్ పెట్టు. రెండూ తగిలించి ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ ఎస్‌ఎస్‌డీలోకి పోయినా, బూట్ ఫైళ్లు పాత డిస్కు మీద కూర్చోవచ్చు. రేపు ఆ డిస్కు చస్తే మిషనే లెయ్యదు.