సవరణ: డ్రెయిన్ రక్తాన్ని కడగకుండా ఎక్కించకూడదు

గుండె ఆపరేషన్ తర్వాత ఛాతీ డ్రెయిన్‌లో (లోపలి రక్తాన్ని బయటికి తీసే గొట్టం, డబ్బా) చేరిన రక్తాన్ని వడకట్టి నేరుగా ఎక్కించవచ్చని గత పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఆ రక్తంలో గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్ ఫైబ్రినోజెన్ దాదాపు ఉండదు. పగిలిన కణాల హిమోగ్లోబిన్, కొవ్వు ఉంటాయి. ఫిల్టర్ గడ్డల్ని ఆపుతుందేగానీ కరిగిన హిమోగ్లోబిన్‌ను ఆపలేదు. ఎక్కిస్తే రక్తస్రావం ఇంకా పెరగొచ్చు.

రక్తాన్ని కడిగి ఎర్రకణాల్ని వేరుచేసే యంత్రం సెల్ సేవర్‌లో కడగాల్సిందే: అందులో తిరిగే 225 మి.లీ. బౌల్‌కు సుమారు లీటరు నార్మల్ సెలైన్, బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా. బౌల్ సగమే నిండితే కడుగుడు సరిగా జరగదు, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) కూడా తగ్గుతుంది. సేకరణ మొదలైన 6 గంటల్లోపు ఎక్కించెయ్యాలి. కడిగిన రక్తం సంచికి ప్రెజర్ కఫ్ (వేగంగా ఎక్కడానికి సంచిని నొక్కే పట్టీ) మాత్రం చుట్టొద్దు, గాలి నరంలోకి పోతుంది.

కడిగాక మిగిలేవి ఎర్రకణాలే. ప్లేట్‌లెట్లు, ప్లాస్మా పోతాయి, అవి కావాలంటే దాతల నుంచే రావాలి. కాబట్టి ఆపరేషన్‌కని కర్నూలుకొచ్చేవాళ్లు ‘మన రక్తమే మనకెక్కిస్తారంట’ అని దాతల్ని ఊళ్లోనే వదిలేసి రావద్దు.